తిన్నాన్లే అన్న చీమ

ఒకప్పుడు చీమలకు ఆగడం తెలియదు. ఎదురుగా తోడబుట్టినది వచ్చినా, కన్నతల్లి వచ్చినా పక్కనుంచి సర్రున పోవడమే. పలకరింపు లేదు, పాడూ లేదు.

ఆ రోజుల్లో వరి కళ్ళానికీ చీమల పుట్టకీ మధ్య దూరం ఎంతనుకున్నారు? ఏడు కొండలంత! వడ్లగింజ ఒక్కొక్కటి గుమ్మడికాయంత ఉండేది. నవ్వకండి. మా ముత్తవ్వ ఒకే ఒక్క గింజ దంచి, వండి, ఊరంతా వడ్డించింది. మిగిలింది పక్కూరికి పంపింది.

అంత గింజ నెత్తిన పెట్టుకుని అంత దూరం నడిస్తే అలుపు రాదూ? వచ్చింది. ఎంత అలుపంటే, చీమల నీడలు కూడా నడవలేక రెండడుగులు వెనకబడి, మూలుగుతూ వచ్చేవి. నడుములు అరిగి అరిగి దారప్పోగుల్లా అయిపోయాయి.

దండుకి పెద్ద గవరమ్మ. ఆవిడ ఒక్క అరుపు అరిస్తే చెట్టుమీది పచ్చాకులు పండిపోయి రాలేవి.

"వాన ముంచుకొస్తోంది! ఆగినదాన్ని వరస చివరికి తోసేస్తా! మోసే గింజని ఎవరూ కొరకొద్దు! ముందు గాదె నిండాలి, ఆ తరవాతే మన కడుపులు!" ఇదీ పొద్దస్తమానం ఆవిడ పాట.

గాదె నిండుతూనే ఉంది. కడుపుల వంతు మాత్రం వచ్చేది కాదు.

ఆ వరసలో నూకాలు అని ఓ ముసలి చీమ ఉండేది. దాని ఆరు కాళ్ళకీ ఆరు రకాల నొప్పులు. ఒకదానికి సలుపు, ఒకదానికి తిమ్మిరి, ఒకదానికి పోటు. మిగతా మూడు నొప్పులకీ ఇంకా ఎవరూ పేర్లు పెట్టలేదు. దానికి ఒక్కటే కోరిక. పుట్టలో చల్లటి మూల ఒకటుంది. అక్కడ ఆరు కాళ్ళూ బారజాపుకుని పడుకోవాలి.

ఒక రోజు పొద్దున బెల్లం వండే పెనం పక్కన దానికి పాకం చుక్క ఒకటి దొరికింది. పడుకునే ముందు తిందామని బుగ్గలో దాచుకుంది. గింజ నెత్తికెత్తుకుని ఇంటిదారి పట్టింది.

సగం దారిలో ముందు నడుస్తున్న పైడమ్మ అనే చీమ తూలింది. నెత్తిన గింజతో సహా చతికిలబడింది. దాని ముందున్నవి వెనక్కి చూడలేదు. వెనకున్నవి చుట్టూ తిరిగి పోయాయి. నూకాలు కూడా తిరిగి పోయింది. అబద్ధమెందుకు, నాలుగడుగులు పోయింది.

ఐదో అడుగు పడలేదు. ఆగింది.

చీమ జాతిలో మొట్టమొదటి ఆగడం అదే. వెనకది వచ్చి దాన్ని గుద్దుకుంది, దాన్ని ఇంకోటి గుద్దుకుంది. ఆ గుద్దుళ్ళ చప్పుడుకి కొండ అవతల కుక్కలు మొరిగాయి.

నూకాలు వెనక్కి వచ్చి వంగింది. "పైడీ, తిన్నావా?"

పైడమ్మ బిత్తరపోయింది. పుట్టి బుద్ధెరిగాక ఆ మాట తనని ఎవరూ అడగలేదు.

"లేదత్తా. నాలుగు రోజులైంది."

"నెత్తిన అంత గింజ పెట్టుకుని ఆకలితో చస్తావటే, తిక్కదానా?"

"ముట్టుకోవద్దన్నారుగా!"

నూకాలు బుగ్గలోని పాకంలో సగం పైడమ్మ నోట్లో పెట్టింది.

అంతలో గవరమ్మ దుమ్ము రేపుకుంటూ వచ్చింది. "ఎవతే అది ఆగింది? నువ్వా నూకాలూ! వయసొచ్చింది గానీ..." అంటూ ఇంత నోరు తెరిచింది. ఆ నోట్లో ఎడ్లబండి తిప్పుకోవచ్చు!

నూకాలుకి వాదించే ఓపిక లేదు. "గవరక్కా, నువ్వు తిన్నావా?" అంది.

తిట్టడానికి తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. నూకాలు మిగిలిన పాకం అందులో వేసేసింది.

గవరమ్మ చప్పరించింది. మళ్ళీ చప్పరించింది. "ఎప్పుడు తిన్నానో నాకే గుర్తులేదే," అంది చిన్నగా. ఆవిడకి అంత చిన్న గొంతు ఉందని ఎవరికీ తెలియదు. తరవాత దండు వైపు తిరిగి, "అందరూ మోసేదాంట్లో ఒక్క కొరుకు కొరికి నడవండర్రా!" అంది.

బాగానే ఉంది. కానీ పైన మబ్బు మూలిగింది.

"త్వరగా కానీండర్రా! సముద్రం మొత్తం చంకనెత్తుకుని వచ్చాను. నడుం పడిపోతోంది. ఇక దించేస్తున్నా!"

సగం దండు ఇంకా దారిలోనే ఉంది. ఇప్పుడు దించితే ఒక్కటీ మిగలదు. గవరమ్మ అరిచింది, పైడమ్మ దండం పెట్టింది. మబ్బు వినేలా లేదు. పాపం, దాని బాధ దానిది.

నూకాలు తలెత్తింది. "మబ్బమ్మా, నువ్వు తిన్నావా?"

మబ్బు ఉలిక్కిపడింది. "నన్నేనా?"

"నిన్నే తల్లీ."

"బయల్దేరినప్పట్నుంచీ ఎప్పుడు కురుస్తావు, ఎంత కురుస్తావు అని అడిగినవాళ్ళే గానీ..." అంది మబ్బు.

"పెట్టడానికి నా దగ్గరేం లేదమ్మా. బుగ్గ ఖాళీ. అడిగానంతే."

"అడిగావుగా! పొండి, పొండి. మీలో ఆఖరిది లోపలికెళ్ళేదాకా బిగబట్టుకుంటా."

బిగబట్టింది. బిగబట్టి బిగబట్టి మొహం అట్లపెనంలా నల్లబడిపోయింది.

చీమలు కొరుక్కుంటూ పరుగెత్తాయి. నూకాలు మాత్రం, "నువ్వు పదవే, నేనొస్తా. నువ్వూ పదవే, నీకు పిల్లలున్నారు," అంటూ అందర్నీ ముందుకు తోస్తూ పోయింది. అలా తోసీ తోసీ, తనే ఆఖరిదైంది. తన గింజ కాలు విరిగిన చీమకి తినమని ఎప్పుడో ఇచ్చేసింది. పుట్ట కనిపిస్తోంది గానీ ఆరు కాళ్ళలో ఒక్కటీ మాట వినడం లేదు.

అప్పుడు వరసకి ఎదురుగా ఒక చీమ పరుగెత్తుకుంటూ వచ్చింది. పైడమ్మ!

"అత్తా, నువ్వు తిన్నావా?"

"ఆఁ, తిన్నాన్లే. నువ్వు లోపలికి పో."

మన ఇళ్ళల్లో అందరికీ వడ్డించి, అడుగంటిన గిన్నె చూసుకుని చెప్పే మాట అది. పైడమ్మ కదల్లేదు. తన మీసాలు చాచి నూకాలు మీసాల మీద పెట్టింది. ఆడచీమకి మీసాలేంటంటారా? అవి ఉన్నది షోకుకి కాదు మరి. నోరు తిన్నానంది. వణుకుతున్న మీసాలు మాత్రం మూడు రోజులుగా ఏమీ లేదని చెప్పేశాయి.

"అబద్ధాల ముసలీ! నీలాంటిదాన్ని మాట అడిగి లాభం లేదు!" అంది పైడమ్మ. నూకాలుకి నమిలే ఓపిక కూడా లేదు. పైడమ్మే తను తెచ్చిన గింజముక్క నమిలి, మెత్తగా చేసి, నోట్లో పెట్టింది. ఈడ్చుకుంటూ లోపలికి తీసుకెళ్ళింది.

నూకాలు చల్లటి మూలలో ఆరు కాళ్ళూ చాపింది. పైన మబ్బు "హమ్మయ్య!" అని సముద్రాన్ని దించింది.

అప్పటినుంచే మబ్బు బాగా నల్లబడి, కాసేపు ఉగ్గబట్టుకుని గానీ కురవదు. అప్పటినుంచే చీమలు ఎంత అలిసిపోయినా, ఎంత బరువు మోస్తున్నా, ఎదురుపడితే ఆగి మీసం మీద మీసం పెట్టుకుంటాయి. తిన్నావా అని నోటితో అడగవు. అడిగితే ఏం చెబుతాయో వాటికి తెలుసు.