పోట్లరాయుడి కాపలా

కంది కోసిన చేలో మంద దిగింది. చేనికి ఎరువు కావాలని రైతు పిలిస్తే గొల్లలు వచ్చి, చుట్టూ తుమ్మకంప వేశారు. పాలు తాగే పిల్లల్ని కంప లోపల వెదురు గంపల కింద మూసి, ఒక్కో గంప మీద ఒక్కో రాయి పెట్టారు. తల్లులు మేత నుంచి వచ్చేదాకా పిల్లలకు అదే ఇల్లు.

మందలో ఒక ఆచారం ఉంది. తల్లులు బయల్దేరే ముందు పెద్ద పొట్టేలు చుట్టూ తిరిగి, ప్రతి కంపనూ కొమ్ముతో పొడిచి చూడాలి. ఏది కదిలినా అరవాలి. గొల్ల వచ్చి సరిచేస్తాడు. మంద వెళ్లాక పొట్టేలు దారి దగ్గరే కాపలా ఉండాలి. ఈ ఏడు ఆ పెద్దరికం పోట్లరాయుడికి వచ్చింది.

ఆ పొద్దున పోట్లరాయుడు దారి పక్క కంపను ఒక్క పోటు పొడిచాడు.

"అంతా భేషు! పదండి, పదండి!"

బొల్లి మేక కదల్లేదు. రెండు ఈతలు పోయాక దక్కిన పిల్ల గంప కింద ఉంది.

"వెనక వైపు చూశావా అన్నా?"

"చూసినట్టే."

"చూశావా, చూసినట్టా?"

"అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఎన్ని మెతుకులు పడతావే? ఒక్కటి చాలదూ?"

"ఒక్క కుండలో ఉడికితే చాలు. ఇవి ఒక్కోటీ ఒక్కో చెట్టు కంప."

మంద కిసుక్కుమంది. పోట్లరాయుడికి మండింది.

"మా తాత నాటి నుంచి మాది కాపలా వంశం! నిన్నగాక మొన్న తల్లివయ్యావు, నువ్వు నాకు నేర్పుతావా? నీ అనుమానం తీరేలోపు గడ్డి కాస్తా ఎండిపోతుంది. నడు."

బొల్లి నడిచింది. నలుగురితో పాటు నారాయణ.

పొద్దు వాలకముందే పొదుగు బిగిసి సలపరం మొదలైంది. మందను వదిలి ముందుగానే వెనక్కి వచ్చింది. పోట్లరాయుడు దారి దగ్గర పడుకుని నెమరేస్తున్నాడు.

"ఏమీ లేదుగా అన్నా?"

"ఈగ కూడా వాలలేదు."

బొల్లి లోపలికి అడుగు పెట్టింది. అక్కడే ఆగిపోయింది.

వెనక కంప ఒకటి పక్కకు ఒరిగి ఉంది. తన పిల్ల గంప మీద కాలు వేసి నక్క కూర్చుని ఉంది.

బొల్లి అరవబోయింది.

"రావమ్మా బొల్లీ" అంది నక్క తాపీగా. "అరవకు. మీ రాయుడు లేచి, ఒళ్లు విరుచుకుని, ఎవరదీ అనేలోపు నేను నీ పిల్లతో కాలవ దాటేస్తాను."

"ఎలా వచ్చావు?"

"అదేమంత బ్రహ్మవిద్య? మీ అన్న రోజూ ఒక్కచోటే పొడుస్తాడు. నేను ఇంకోచోటు చూసుకున్నాను."

గంప కింద పిల్ల చిన్నగా మూలిగింది. బొల్లి అటూ ఇటూ చూసింది. వరస చివర పెద్ద గంప సందులోంచి రెండు కళ్లు మెరవడం కనబడింది. కర్రి కుక్క! కొత్తగా ఈనింది. కూనల్ని గొర్రెలు తొక్కుతాయని గొల్ల తల్లినీ పిల్లల్నీ కలిపి మూశాడు. పైన పెద్ద బండ. ఎవరైనా ఎత్తితే తప్ప బయటికి రాలేదు. మొరిగితే నక్క పిల్లను పట్టుకుని పోతుంది. అందుకే ఊపిరి బిగబట్టి చూస్తోంది.

"తీసుకుపో మామా" అంది బొల్లి. గొంతు వణికింది. ఆ వణుకు నటన కాదు. "అది ఎలాగూ బక్కది. ఆ చివరి పెద్ద గంప మాత్రం ముట్టుకోకు. నీకు పుణ్యముంటుంది."

నక్క చెవులు నిక్కాయి. "అందులో ఎవరమ్మా?"

"అడగకు మామా. నీ కాళ్లు పట్టుకుంటా."

"అబ్బో! బలిసినవన్నీ అక్కడ దాచారన్నమాట!"

ఒక్కసారి ఆ గంపకు ముక్కు ఆనిస్తే తెలిసిపోయేది. నక్క ఆనించలేదు. తల్లి ఏడుస్తుంటే వాసన చూడటం దేనికనుకుంది. ఒక్క దూకున వెళ్లి, బండను తోసి, గంప ఎత్తింది.

తర్వాత వినబడింది నక్క కేకే.

"బాలింత ఇంట్లోకి చెప్పాపెట్టకుండా వస్తావా మామా!" అంటూ కర్రి కుక్క మెడ పట్టుకుని ఈడ్చింది. నక్క ఎలాగో విదిలించుకుని, వచ్చిన సందు కూడా కనబడక, ముళ్లలోంచే దూరి పారిపోయింది. ఒక చెవి తెగి కంపకు వేలాడింది.

బొల్లి గంపను కొమ్ముతో దొర్లించింది. పిల్ల వచ్చి పొదుగును కుమ్మింది. బెదురుకు పాలు చేపలేదు. మళ్లీ కుమ్మింది. రాలేదు.

పోట్లరాయుడు పరుగెత్తుకొచ్చాడు. "ఏమైంది? పొద్దున అంతా బాగానే ఉందే! పిల్ల క్షేమమేగా, ఇంకేం?"

"పిల్ల ఉంది అన్నా. పాలే రావడం లేదు."

చేను గట్టు మీంచి నక్క నెత్తురోడుతూ అరిచింది. "మోసం! మేకై ఉండి అబద్ధమాడావు!"

"ముట్టుకోవద్దనే చెప్పాను. నువ్వే చూసుకోలేదు."

"అద్దీ! బాగా పెట్టావు గడ్డి!" అని పోట్లరాయుడు ఫకాలున నవ్వాడు. బొల్లి అతని వైపు తిరిగి చూసింది. నవ్వు సగంలో ఆగిపోయింది. కొమ్ములు నేలకు వాలాయి.

గట్టు మీద నక్క, ఉన్న చెవినీ లేని చెవినీ తడుముకుంటూ కుంటుకుంటూ పోయింది.

నీతి: చూశానన్న మాట కాపలా కాయదు.