దొంగ చేత వేయించిన తాళం

ఎర్రగుట్ట వెనక అడవిలో మొన్నమొన్నటిదాకా ఎవరి బండి వారికి ఉండేది. ఎలుగుబంటికి తేనెబండి, గేదెకి గడ్డిబండి, గాడిదకి ఉప్పుబండి. ఇప్పుడు అడవి మొత్తానికి మిగిలింది ఒకే ఒక్క బండి, అది పుల్లన్న ఎద్దుది. మిగతావి ఏమయ్యాయని గట్టిగా అడగకండి. నక్క గుంటయ్య చెవులు బహు పదును, వెంటనే భుజాలు తడుముకుంటాడు.

వాడు దొంగ అని అందరికీ తెలుసు, పట్టుకున్నవాడే లేడు. పనితనం అలాంటిది మరి. మిట్టమధ్యాహ్నం అడవంతా ఎండకి సొమ్మసిల్లి పడుకున్నప్పుడు వస్తాడు. బండి లాగడానికి అడవిపంది అంకయ్యని తెచ్చుకుంటాడు. పోతూ పోతూ చక్రాల జాడ కూడా తోకతో ఊడ్చేసి మరీ పోతాడు. ఆ తోకంటే వాడికి ప్రాణం.

పుల్లన్న సంగతి వేరు. వాడు నిదానస్తుడు. ఏ మాటయినా నెమరు వేశాక గాని జవాబు చెప్పడు. అలాంటివాణ్ణి చూసి మందబుద్ధి అనుకునేవాళ్ళు ఎక్కడైనా ఉంటారు, నాకు మాత్రం మొదటినుంచీ పుల్లన్నంటే మహా గౌరవం. ఆ ఏడు మడుగులన్నీ ఎండిపోతే, గుట్ట అవతల వాగులో చెలమ తవ్వి, బానలు నింపి, బండి మీద నీళ్ళు తెచ్చినవాడు వాడే. ముందు ఈనిన తల్లులకి, తర్వాత నడవలేని ముసలివాళ్ళకి పోసి, అడుగున మిగిలింది తను తాగేవాడు. ఆ బండి పోయిందంటే మర్నాడు కూనల గొంతు తడిపే దిక్కు లేదు.

గేదెమ్మ బండి పోయిన రోజున అందరూ చేరి తలా ఒక సలహా పారేశారు.

"నా దగ్గర ఇనప గొలుసుంది. చక్రానికి చుట్టేస్తే యముడైనా కదపలేడు" అన్నాడు కోతి.

"నా బండికీ గొలుసుండేది నాయనా" అంది గేదెమ్మ ముక్కు చీదుతూ. "గొలుసుతో సహా పోయింది."

"అయితే గంట కట్టు" అంది గాడిద.

"నీ బండికి కట్టావుగా, మోగిందా?" అంది కాకి నల్లమ్మ కొమ్మ మీదనుంచి.

"గడ్డి కుక్కాడమ్మా అందులో."

"పోనీ కుక్కని కాపలా పెడదాం" అంది ఎలుగుబంటి.

"ఏ కుక్కని? దొంగలు పడ్డ ఆరు నెలలకి మొరిగే ఆ కుక్కనేనా?" అంది నల్లమ్మ. చెట్టు కింద కుక్క తల పక్కకి తిప్పుకుంది.

పుల్లన్న అందాకా నెమరు వేస్తూనే ఉన్నాడు. అందరూ అలిసిపోయి ఊరుకున్నాక అడిగాడు. "అదంతా సరే గాని, బండి కదిపేటప్పుడు దొంగకి దేనికంటే భయం?"

"ఇంకేముంది, చప్పుడుకి" అంది నల్లమ్మ.

"అంతేగా" అని లేచి వెళ్ళిపోయాడు.

ఇక్కడ బండి సంగతి కొంచెం చెప్పాలి. చెక్క ఇరుసుకి కందెన రాయకపోతే బండి కీచుమని అరుస్తుంది, ఆ అరుపు గుట్ట అవతలికి వినిపిస్తుంది. అరిచే బండి ఉన్నవాడికి ఆ అడవిలో పిల్లనివ్వరు. అందుకని గడ్డి కాల్చిన మసి ఆముదంలో కలిపి కందెన చేసి, వెదురు గొట్టంలో పోసి, బండి కిందే వేలాడదీసుకుంటారు. తోక కుచ్చు అందులో ముంచి ఇరుసుకి పూస్తారు. పుల్లన్న బండి అయితే పక్కనుంచి పోయినా తెలిసేది కాదు, అంత మెత్తగా నడిచేది.

ఆ సాయంత్రం పుల్లన్న మేడిచెట్టు కింద నిలబడి కొమ్ముతో బెరడు గీస్తున్నాడు. నల్లమ్మ చూసింది.

"ఇక్కడేం పని పుల్లన్నా?"

"కాసిని పాలు కావాలమ్మా."

"ఈ వయసులో నీకు పాలెందుకు?"

"తాగడానికి కాదులే. కాచడానికి."

ఆ మాట వినగానే నల్లమ్మ రెక్కలు దగ్గరికి లాక్కుని రెండు కొమ్మలు పైకి జరిగింది. మేడిపాలు కాచి పిట్టల్ని పట్టేవాళ్ళని పక్షిజాతి ఏనాటికీ మరిచిపోదు.

మర్నాడు గుంటయ్య తనంతట తనే పుల్లన్న ఇంటికి వచ్చాడు. ఊరక రారు మహానుభావులు.

"పుల్లన్న మావా, బాగున్నావా? ఎండలు మండిపోతున్నాయి. నీ బండే లేకపోతే మా గతేమయ్యేదో! దొంగల రోజులు మావా, జాగ్రత్తగా ఉంటున్నావా?"

"ఉంటున్నానురా అల్లుడూ. గొలుసులూ గంటలూ నాకెందుకు? బండి ఆపగానే ఇరుసుల మీద కందెన బూడిదతో శుభ్రంగా తుడిచేస్తా. ఎవడైనా జానెడు కదిపాడా, అది పెట్టే కేకకి అడవంతా లేచి కూర్చుంటుంది."

"ఓహో! ఓహోహో! ఏం బుర్ర మావా నీది!" అంటూ గుంటయ్య బండి చుట్టూ తిరిగాడు. బండి కింద కందెన గొట్టం ఎప్పటిలాగే వేలాడుతూ ఉంది. నవ్వు ఆపుకోలేక దగ్గు నటించాడు. "ఎండకి గొంతు పట్టింది మావా, వస్తా" అని చెప్పి, మలుపు తిరిగాక పొదలో పడి దొర్లి దొర్లి నవ్వాడు. తాళం వేసి, తాళంచెవి గుమ్మానికే తగిలించిన మొద్దు ఎద్దుని వాడు అంతకుముందు చూడలేదు.

నల్లమ్మకి ఒళ్ళు మండింది. "వాడు ఎవరనుకుని గుట్టంతా విప్పి చెప్పావు?"

"చెప్పకపోతే వాడికెలా తెలుస్తుందమ్మా, పాపం" అన్నాడు పుల్లన్న.

ఆ మధ్యాహ్నమే జరిగింది దొంగతనం. ఎండ నిప్పులు చెరుగుతోంది. పుల్లన్న నిండు బానలతో వచ్చి, బండి ఆపి, నీడన పడుకుని గుర్రు పెట్టాడు. నీళ్ళు పంచడం ఎండ వాలాకే. గుంటయ్య, అంకయ్య పొదల్లోంచి వచ్చారు.

"లాగెయ్యనా బావా?" అన్నాడు అంకయ్య.

"ఆగరా మొద్దూ! అరుస్తుంది. ముందు కందెన, తర్వాత కాడి. పనిలో పద్ధతుండాలి. నువ్వు భుజం పెట్టి బండి కాస్త లేపు."

అంకయ్య లేపాడు. చక్రం జారకుండా ఇరుసు చివర దిగ్గొట్టే కడచీల లాగి, గుంటయ్య చక్రాన్ని ఇవతలికి జరిపాడు. గొట్టం విప్పి వాసన చూశాడు. కమ్మటి ఆముదం. ముద్దుల తోకని గొట్టంలో ముంచి, ఇరుసుకి దట్టంగా పూశాడు. రెండో పక్కకి వెళ్ళి ఇంకాస్త దట్టంగా పూశాడు. ఎవరి పనయినా పనే, అంత శ్రద్ధగా చేసినవాణ్ణి నేను తప్పుపట్టలేను.

"చిక్కగా ఉంది. ముసలాడు మంచి సరుకే వాడతాడు" అన్నాడు. చక్రాలు సర్ది, చీలలు దిగ్గొట్టి, అంకయ్య మెడకి కాడి బిగించి ముడి మీద ముడి వేసి, బండెక్కి దర్జాగా కూర్చున్నాడు.

బండి కదిలింది. కిక్కురుమనలేదు.

"చూశావా? చీమకి కూడా నిద్ర చెడలేదు" అని గుంటయ్య మీసం దువ్వబోయాడు. చెయ్యి మీసానికి అంటుకుని ఓ పట్టాన రాలేదు. లాగేసరికి నాలుగు వెంట్రుకలు చేతికొచ్చాయి. కందెన జిడ్డు కదా అని సరిపెట్టుకున్నాడు.

కూతవేటు దూరంలో ఇసుక దారి. చక్రాలు లేపిన దుమ్మంతా పోయి ఇరుసుకే పట్టుకుంది. తిరిగిన కొద్దీ పట్టింది, పట్టిన కొద్దీ బిగిసింది. అంకయ్య రొప్పాడు, గిట్టలు తన్ని పెట్టాడు. బండి ముందుకి రాలేదు, వెనక్కీ పోలేదు.

"ఏంట్రా ఆగావు?"

"నేనాగలేదు బావా, నీ బండి ఆగింది. దిగి తొయ్యి."

గుంటయ్య దిగబోయాడు. కాళ్ళు లేచాయి, తోక లేవలేదు. బల్లకి అతుక్కుపోయింది. ఒకసారి గుంజాడు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అరుద్దామంటే అడవి లేస్తుంది. దొంగకి తేలు కుట్టినట్టయింది వాడి పని.

"బావా, నా మెడ విప్పు, నేను పోతా" అన్నాడు అంకయ్య.

"నాకు అందదురా!"

"మరి ముడి మీద ముడి ఎందుకేశావు?"

"పనిలో పద్ధతుండాలని" అన్నాడు గుంటయ్య ఏడుపు గొంతుతో.

నల్లమ్మ అప్పటిదాకా ఎలా ఓర్చుకుందో గాని, ఇక ఆగలేక కావుకావుమని అడవంతా లేపింది. ఎలుగుబంటి వచ్చింది, గాడిద వచ్చింది, గేదెమ్మ కొమ్ములు సవరించుకుంటూ వచ్చింది. అందరికంటే ఆఖరున, ఒళ్ళు విరుచుకుంటూ, పుల్లన్న వచ్చాడు.

గుంటయ్యకి సిగ్గు అప్పటికీ రాలేదు. "మావా, నీ బండి ఎవరో ఎత్తుకుపోతుంటే అడ్డం పడి ఆపాను. అయినా ఆ గొట్టంలో కందెన చెడిపోయింది మావా, చూసుకోవాలి కదా!"

"చెడిపోలేదురా. అది మేడిపాలు కాచిన బంక. రంగుకి మసి కలిపాను, వాసనకి గొట్టం మూతికి ఆముదం రాశాను. నీకోసమే పెట్టాను. నా కందెన ఇదుగో" అని పుల్లన్న మెడలో వేలాడే సొరకాయ బుర్ర చూపించాడు. పొద్దుటినుంచీ అందులో తాగే నీళ్ళున్నాయనుకున్నారందరూ.

కోతి తన గొలుసు మెల్లిగా వీపు వెనక్కి దాచుకున్నాడు.

"తొక్కి చంపేస్తా!" అని గేదెమ్మ ముందుకొచ్చింది.

"ఆగమ్మా. ముందు పిల్లలకి నీళ్ళు" అన్నాడు పుల్లన్న. అంకయ్య ముడులు విప్పించి, "నువ్వు పో. ఇకనైనా ఎవరి బండి లాగుతున్నావో అడిగి లాగు" అని తరిమాడు. కోతి చేత చక్రాలు తీయించి, బుర్రలోని ఆముదపు కందెనతో ఇరుసుల మీద బంక కరిగించి, మిగిలింది మళ్ళీ పూశాడు.

"మావా, కాస్త నా తోకకి కూడా..."

"ఆముదం ఇరుసులకే సరిపోయిందిరా. ఇంటి దగ్గర ఇంకా ఉంది. నీళ్ళు పోశాక పోదాం."

అలా గుంటయ్య తను దొంగిలించిన బండి మీదే కూర్చుని ప్రతి ఇంటి ముందూ ఆగాడు. తల్లులు బిడ్డల్ని ఎత్తుకుని వచ్చి, "వీడేనా మన నీళ్ళు ఎత్తుకుపోబోయింది?" అని చూశారు. ఎవరూ కొట్టలేదు. ఇప్పుడిప్పుడే నడక నేర్చిన లేడికూన ఒకటి మాత్రం దగ్గరికి వచ్చి, "నీక్కూడా దాహమేసిందా?" అని అడిగింది. దెబ్బలైతే వాడు కాచుకునేవాడు, ఆ మాట కాచుకోలేకపోయాడు. తలదించుకుని, పోయిన బండ్లన్నీ ఏ లోయలో ఏ కంప కింద దాచాడో తనంతట తనే చెప్పేశాడు.

పొద్దు వాలాక పుల్లన్న ఇంట్లోంచి ఆముదం తెచ్చాడు. ఆముదం పోసినా వెంట్రుకలు సగం బల్లకే ఉండిపోయాయి. గుంటయ్య తన బోడితోక వంక చూసుకుని, ఆఖరికి మనసులో మాట అడిగాడు.

"మావా, గొలుసులు కొరికాను, గంటల్లో గడ్డి కుక్కాను, కుక్కకి ఎముక వేశాను. తియ్యలేని తాళం నాకు తగల్లేదు. దీన్ని మాత్రం ఎందుకు తియ్యలేకపోయాను?"

పుల్లన్న తీరిగ్గా నెమరు వేశాడు.

"వాళ్ళు వేసిన తాళాలు కాబట్టి నువ్వు తీశావు. ఇది నేను వెయ్యలేదురా. నీ చేతే వేయించాను."

నీతి: దొంగ తెలివి ఎందాకా పోతుందో ఎరిగినవాడి సొమ్ము ఎక్కడికీ పోదు.