దొరగారి కునుకు

వెనకటికొక పట్నంలో, ఊరుమ్మడి పూలతోటలో పండగ మధ్యాహ్నం పిల్లల చేత డప్పులతో చిందులు వేయించాలని తోట సంఘం వాళ్లు అనుకున్నారు. పక్క మేడలోని కోటపాలకుడు వీరభల్లుడు ససేమిరా అన్నాడు.

“డప్పు మోగితే నాకు కునుకు పట్టదు!”

సంఘంలో ఉన్న బుట్టలల్లే సింగమ్మకు, నిజంగానే పట్టదా అని అనుమానమొచ్చింది.

“అయితే అధ్యక్షులుగా తమరే దయచేయండి దొరా. తమరు తోటలో ఉంటే మేడలో ఎవరి నిద్ర చెడుతుంది?” అంది.

పూలదండ, పెద్ద కుర్చీ అనేసరికి దొర పొంగిపోయి, సుష్టుగా భోంచేసి మరీ వచ్చాడు. చిందులు జోరందుకున్నాయి. సింగమ్మ మాత్రం దొరనే చూస్తూ కూర్చుంది.

సాయంత్రం తన మంచం మీద కళ్లు తెరిచిన వీరభల్లుడికి ఎదురుగా సింగమ్మ కనిపించింది.

“ఆ రొదకి రెప్ప వాలితే ఒట్టు! ఇకమీదట కుదరదు,” అని గర్జించాడు.

“తమర్ని కుర్చీతో సహా ఇక్కడికి మోసుకొచ్చింది మేమే దొరా,” అంది సింగమ్మ. “దారి పొడుగునా డప్పులు కొట్టుకుంటూనే తెచ్చాం.”