వేళ్ళు లేని కంచె

నల్లకోన అడవి అంచున జంతువులు చిన్న చిన్న చేలు చేసుకుని బతికేవి. అడవిపంది దుంపలు వేసేది, ఏదుపంది వేరుశనగ వేసేది, కుందేలు అలసందలు వేసేది. వరసగా వానలు ముఖం చాటేశాయి. చేలలో మట్టి గాలికి ఎగిరిపోసాగింది.

అప్పుడు మృగరాజు సింహం చాటింపు వేయించింది. "గట్ల మీద మొక్కలు నాటి కంచె పెంచినవారికి మా గాదెలోంచి ధాన్యం సాయం చేస్తాం. ఏనుగు వచ్చి చూసి వెళుతుంది. మోసం చేసినవారి చేను మాత్రం లాక్కుంటాం!"

చురుకన్న అనే కుందేలుకు ప్రాణం లేచి వచ్చింది. దాని ఇంటినిండా పిల్లలే, గింజల కుండేమో ఖాళీ. కానీ ఈ మండుటెండలో గుంటలు తవ్వేదెవరు?

పక్క చేనులో ముళ్ళక్క అనే ఏదుపంది అప్పటికే సొరబుర్రతో నీళ్ళు మోస్తోంది.

"ఎందుకక్కా ఈ తంటా? ఏనుగు పైపైన చూసి పోతుంది గానీ, వేళ్ళు తవ్వి చూస్తుందా?" అని నవ్వింది కుందేలు.

"కంచె ఏనుగు కోసం కాదు తమ్ముడూ, మన కోసం," అంది ముళ్ళక్క.

ఏనుగు వస్తుందన్న రోజు తెల్లవారగానే, కుందేలు తన బొరియను కప్పిన ముళ్ళపొదలోంచి పచ్చని కొమ్మలు విరిచి గట్టు పొడుగునా గుచ్చింది. దూరం నుంచి చూస్తే అచ్చం కంచే!

కానీ చిలుక కబురు తెచ్చింది. "ఏనుగు కాలికి ముల్లు దిగింది. నయమయ్యాక వస్తుంది. ఎప్పుడో చెప్పలేం."

మధ్యాహ్నానికి కొమ్మలు వాడిపోయాయి. కుందేలుకు భయం పట్టుకుంది. రేపే వస్తే? మర్నాడు మళ్ళీ విరిచింది. ఆ మర్నాడూ అంతే. రోజులు వారాలయ్యాయి. ఎక్కడ ఆకు గలగలమన్నా ఏనుగు అడుగే అనిపించేది. కంటి మీద కునుకు లేదు. ఎంతసేపూ ఏనుగు వచ్చే దారివైపే చూసేది. తల పైకెత్తి మాత్రం చూడలేదు, పిచ్చి కుందేలు.

ఒక పొద్దున చిన్న కూన అంది: "నాన్నా, మన ఇంట్లోకి ఎండ పడుతోంది."

"పడనీలే."

"నీడ కూడా పడుతోంది నాన్నా. ఇందాక వచ్చి పోయింది."

కుందేలు తలెత్తి చూసింది. పొదలో కొమ్మ ఒక్కటే మిగిలింది. ఆ పైన డేగ చుట్లు తిరుగుతోంది.

సరిగ్గా అప్పుడే చిలుక అరిచింది. "ఏనుగు వాగు దాటింది!"

కుందేలు డేగను చూసింది, వాడిన కంచెను చూసింది. 'ఈ ఒక్కసారికే' అనుకుని ఆ చివరి కొమ్మనూ విరిచేసింది.

డేగ రివ్వున దిగింది. పిల్లలు కెవ్వుమంటూ చెల్లాచెదురయ్యాయి. కుందేలు వాటిని కంచెలోకి తోసింది. తగలగానే కొమ్మలు టపటపా పడిపోయాయి. దాక్కోవడానికి ఆకంత చోటు లేదు. డేగ గోరు కుందేలు చెవిని నిలువునా చీల్చింది.

"ఇటు రండి, ఇటు!" ముళ్ళక్క కేక వేసింది. సొరబుర్ర నీళ్ళతో చిగురించిన దాని ముళ్ళకంచె అప్పటికి మోకాలెత్తయింది. పిల్లలు ఒక్కొక్కటే అందులోకి దూరాయి. నెత్తురోడుతూ కుందేలూ దూరింది. డేగ ముళ్ళ మీదికి రాలేక ఎగిరిపోయింది.

అంతలో ఏనుగు వచ్చి, పడి ఉన్న కొమ్మల ముందు ఆగింది.

"దొరా, నిజం చెబుతాను..." అంది కుందేలు.

"చెప్పక్కర్లేదు. ముందు పిల్లల్ని చూసుకో," అంది ఏనుగు.

ధాన్యం ముళ్ళక్క ఇంటికి చేరింది. కుందేలు చేను రాజుగారి పాలైంది. ఇప్పుడు చురుకన్న తన బొరియ చుట్టూ గుంటలు తవ్వి మొక్కలు నాటుతోంది, మాటిమాటికీ ఆకాశంకేసి చూస్తూ. పిల్లలు మాత్రం నాన్న ఎంత పిలిచినా ముళ్ళక్క కంచె దాటి బయటికి రావడం లేదు.

నీతి: చూసేవాళ్ళ కోసం చేసిన పని ఆపదలో మనకు ఆసరా కాదు.