చేతులు తీసిన చరణం

ఆర్గన్ నేర్పేటప్పుడు దయారత్నం మాస్టారు శిష్యుల వేళ్లకంటే ముందు ఊపిరి చూసేవారు. ప్రతి కీర్తననూ నోటితో పాడుతూనే వాయించాలి. పాడేవాళ్లు గాలి పీల్చుకునే చోటల్లా చేతులు మీటల మీంచి రవంత లేవాలి. మా కాలేజీ సంగీత విభాగంలో ఈ చాదస్తానికి తల పట్టుకోని విద్యార్థి లేడు. అయినా జిల్లా మొత్తానికి అంత పెద్ద ఆర్గన్ మా కాలేజీ చర్చి గుడిలోనే ఉందని చెప్పుకోవడానికి మాలో ఎవరమూ మొహమాటపడేవాళ్లం కాదు.

అందరిలోకీ చెయ్యి తిరిగినది హెప్సిబా. ఒక సాయంత్రం ఉండబట్టలేక అడిగేసింది.

"మాస్టారూ, నేను మొదలుపెట్టగానే గుడంతా పాట అందుకుంటుంది. ఇక నా వాయింపు ఎవరి చెవిన పడుతుందండీ? ఎవరూ వినని విద్యకి ఇంత సాధన దేనికి? ఈ ఆదివారంతో మానేసి కచేరీల్లో పియానో వాయించుకుంటాను."

మాస్టారు వాదించలేదు. "అలాగేనమ్మా. ఆదివారం చివరి చరణానికి మాత్రం చేతులు ఒళ్లో పెట్టుకో" అన్నారు.

ఆ ఆదివారం పట్టభద్రుల ఆరాధన. ముందు వరసలో బిషప్ గారు, ఆ వెనకే హెప్సిబా వాళ్లమ్మ. పాట మధ్యలో కుప్పకూలితే పోయేది తన పరువే. అయినా గురువు మాట కాదనలేదు. చివరి చరణం రాగానే కళ్లు మూసుకుని చేతులు తీసేసింది.

పాట ఆగలేదు. శ్రుతి జారలేదు, నడక తగ్గలేదు. మొదటి పాదం చివర గుడంతా ఒక్కసారిగా గాలి పీల్చుకుంది, అంతకుముందు చరణాల్లో ఆమె చేతులు లేచిన చోటే. రెండో పాదం చివరా అంతే. ఒళ్లో ఉన్న ఆమె చేతులు వాటంతటవే లేచాయి. పాడుతున్నవాళ్లలో నేనూ ఉన్నాను; అంత బాగా పాడగలమని మాకే తెలియదు. ఆ గర్వం ఇప్పటికీ నాలో పోలేదు.

ఆరాధన అయ్యాక హెప్సిబా తడి కళ్లతో మాస్టారి దగ్గరికి వచ్చింది. "వచ్చే ఆదివారం ఏ కీర్తనండీ?" అని అడిగింది.

ఎన్నడూ ఎవరినీ మెచ్చుకోని ఆయన, బిషప్ గారికి కూడా వినబడేలా అన్నారు:

"ఎవరూ వినరన్నావు కదమ్మా. మరి ఊపిరి ఎక్కడ తీసుకోవాలో ఇంతమందికీ ఎవరు చెప్పారు?"