కస్తూరి చెప్పని రెండు రోజులు

అనగనగా ఒక అడవిలో, పిల్లలూ, కస్తూరి అనే పునుగుపిల్లి ఉండేది. మనసులో ఏ బెంగ ఉన్నా అందరూ దాని దగ్గరికే వచ్చేవారు.

ఆ అడవిలో కుందేలు పిల్లలకు ఒక కష్టం వచ్చింది. నక్క అలికిడి వింటే చాలు, బొరియలోకి పరుగెత్తాల్సింది పోయి, ఉన్నచోటే బిగుసుకుపోయేవి.

"కస్తూరక్కా, ఏదైనా ఉపాయం చెప్పవూ?" అని మల్లి అనే తల్లి కుందేలు వేడుకుంది.

భయం పోగొడుతుందని కస్తూరి పది పిల్లలకు ఒక ఎర్ర ఈనెల ఆకు తినిపించింది. పొదచాటున నిలబడి, నక్క అలికిడిలా వినిపించేలా ఎండుకొమ్మలు ఊపింది. మొదటిరోజు నాలుగే పరుగెత్తాయి. రెండోరోజు ఐదు. మూడోరోజు ఏకంగా తొమ్మిది! కస్తూరి ఎగిరి గంతేసింది.

'మొదటి రెండు రోజులూ చినుకులు పడ్డాయి. అవి లెక్కలోకి రావులే' అని తనకు తానే సర్దిచెప్పుకుంది.

అడవి జంతువుల సభలో మాత్రం, "పదింట తొమ్మిది!" అని చాటింది. అడవంతా చప్పట్లు కొట్టింది.

ఇంకేం, చాలామంది తల్లులు పిల్లలకు ఆకు తినిపించి, ధైర్యంగా వాగు దాకా పంపారు.

వారం తిరక్కముందే నక్క వచ్చింది. మల్లి కొడుకు దూది కదలకుండా నిలబడిపోయాడు. ప్రాణం దక్కింది గానీ, చెవి తెగింది, కాలు విరిగింది.

"నీ మాట నమ్మే కదా పంపాను!" అంది మల్లి. ఏడవను కూడా లేదు.

ముసలి తాబేలు కూర్మయ్య కస్తూరిని మెల్లగా అడిగాడు: "అమ్మాయ్, ఆకు తినని పిల్లల్ని కూడా పరీక్షించి చూశావా?"

"లేదు తాతా."

కస్తూరి ఆకు రుచే ఎరగని పది పిల్లల్ని పిలిచి, మూడు రోజులు కొమ్మలు ఊపింది. మొదటిరోజు నాలుగు. రెండోరోజు ఆరు. మూడోరోజు తొమ్మిది!

కస్తూరికి అప్పుడు అర్థమైంది. 'ఆకు మహిమ కాదు! నా కొమ్మల చప్పుడు అలవాటై, అవి బిగుసుకుపోవడం మానేశాయంతే!'

దూది ఆకు సరిగా నమల్లేదని చెప్పి తను తప్పించుకోవచ్చు. కానీ కస్తూరి సభలో నిలబడి, దాచిన రెండు రోజుల సంగతీ చెప్పేసింది.

అప్పుడు గుడ్లగూబ గొంతు సవరించుకుంది. "పిల్లల్ని నిద్రపుచ్చుతుందని నేను చెప్పిన జోలపాట సంగతీ అంతే. నిద్రపోయిన పిల్లల్నే లెక్కపెట్టాను."

"నేనూ నా చిట్కాని పరీక్షించినప్పుడు, కోరిన జవాబు వచ్చేదాకా చూసి, అక్కడ ఆపేశాను," అంది వడ్రంగిపిట్ట.

అందరూ నిర్ఘాంతపోయారు. ఇన్నాళ్ళూ నమ్మినవాటిలో ఎన్ని నిజాలు?

ఆ రోజే కట్టుబాటు పెట్టుకున్నారు. ఏం లెక్కపెడతారో ముందే చెప్పాలి. మందు తిననివాళ్ళనూ చూడాలి. ఓడిన రోజునూ చెప్పాలి.

మల్లి కస్తూరిని క్షమించలేదు. అయినా ఒక ఉదయం, కస్తూరి కొత్త మందు పరీక్షకు చిన్నకూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది.

"ఈసారి మందు పనిచెయ్యకపోతే?" అని అడిగింది.

"పనిచెయ్యలేదనే చెబుతాను," అంది కస్తూరి.

మల్లి కూతుర్ని ముందుకు నడిపించింది.

నీతి: నచ్చిన లెక్క చెప్పి నచ్చని లెక్క దాస్తే, అది సగం నిజం కాదు, నిండు అబద్ధం.