పేరు చెప్పని సన్నిబాబు

గుమ్మళ్లవలస మొత్తానికి బుర్రన్నది తన ఒక్కడికే ఉందని సన్నిబాబు నమ్మకం. తమ్ముడు గురువులుదీ అదే నమ్మకం. అన్న చెప్పాడు కదా మరి.

ఆ సన్నిబాబుకు ఖాకీ చొక్కా వేసుకోవాలని ప్రాణం. ఓనాడు ఎస్సై మేడం ఊరి కుర్రాళ్ళందరినీ బళ్ళో కూర్చోబెట్టి మంచీ చెడ్డా చెప్పింది.

"వీధిలో కొత్త ముఖం కనబడితే మాకు ఫోన్ చెయ్యండి. దొంగతనం జరిగినచోట ఏదీ ముట్టుకోకండి, వేలిముద్రలు చెరిగిపోతాయి. పోలీసులమని చెప్పి ఎవరు అడిగినా పేరూ వివరాలూ చెప్పొద్దు. పది రోజులు ఇవన్నీ పాటించినవాడికి కానిస్టేబుల్ శిక్షణలో ఉచితంగా సీటు. ఊరికి ఒక్కటే!"

"ఆ సీటు నాదేరా," అన్నాడు సన్నిబాబు.

మర్నాడే వీధిలో కొత్త ముఖం. అంతే, ఫోన్ తీశాడు.

"మేడం, ఒంటిమీద గుడ్డ లేదండి. పేరడిగితే చెప్పడు. ఊరడిగితే ఏడుస్తన్నాడు."

జీపు దుమ్ము లేపుకుంటూ వచ్చింది. చూస్తే పక్కింటి కనకం కొడుకు. పుట్టి నాలుగు రోజులు.

"కొత్త ముఖమేనా, కాదా?" అన్నాడు గురువులు. కొత్తదేనని ఒప్పుకుని మేడం జీపెక్కింది.

అయిదోనాడు కుక్క వాళ్ళ వంటపాకలో దూరి ఎండుచేప ఎత్తుకుపోయింది. దొంగతనం! అన్నదమ్ములు గుమ్మంలోనే ఆగిపోయారు. పొయ్యిమీద అన్నం మాడింది. ముట్టుకోలేదు. మండుతున్న కట్టె జారిపడింది. ముట్టుకోలేదు. ఇంకేముంది, పాక అంటుకుంది.

"నీళ్ళు పొయ్యండ్రా!" అని ఊరంతా కేకలు.

"బిందె లోపలే ఉంది. ముట్టుకుంటే ముద్రలు పోవేటి?" అన్నాడు సన్నిబాబు.

పాక బూడిదైంది. బూడిదనూ ముట్టుకోలేదు.

పదోనాటికి చూస్తే తక్కిన కుర్రాళ్ళెవరూ ఒక్క మాటా పాటించలేదు. మేడం తల పట్టుకుంది. కానీ మాటంటే మాటే. ఫోన్ చేసింది.

"అబ్బాయ్, సీటు నీకే. అయిదింటితో గడువు సరి. పూర్తి పేరు చెప్పు, రాసుకుంటాను."

"తమరెవరండి?"

"ఎస్సైనయ్యా!"

"అయితే చెప్పనండి."

"చెప్పొద్దన్నది నేనేనయ్యా!"

"మేడం గారి మాటలు కూడా బట్టీ పట్టేసినట్టున్నారండి," అని ఫోన్ పెట్టేశాడు. పాపం, ఆవిడ మళ్ళీ మళ్ళీ చేసి బతిమాలింది. ఊహూఁ.

ఫోన్‌లో దొంగ ఎస్సై దొరికిందని సన్నిబాబుకు పట్టరాని సంతోషం. ఫిర్యాదు ఇవ్వడానికి అన్నదమ్ములిద్దరూ స్టేషన్‌కు పరిగెత్తారు. అయిదుకు ఇంకా పది నిమిషాలుంది. మేడం లోపల ఫోన్ పట్టుకుని అతని నంబరే నొక్కుతోంది. బయటి బల్ల దగ్గర ఫిర్యాదులు రాసుకునే రైటరు తెల్లకాగితం తీసి, కలం మూత విప్పి, "నీ పేరేంటి?" అన్నాడు.

సన్నిబాబు తమ్ముడి చెయ్యి పట్టి బయటికి లాగాడు.

"పరిగెత్తరా! దొంగలు స్టేషన్‌లోకి కూడా దూరిపోనారు!"